విషయం: హమ్ పోగొట్టడానికి మీ టెక్నీషియన్ ఎర్త్ వైరు కత్తిరించడం గురించి

విజయవాడ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

జూన్‌లో మీ షోరూమ్‌లో 18,500 రూపాయలు పెట్టి పవర్ కండిషనర్ కొన్నాను. రాత్రిపూట పాటలు పెట్టుకుంటే స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మని హమ్ వచ్చేది. మీ ఏరియాలో కరెంటు బాగోదండీ, ఈ పెట్టె పెడితే శుభ్రంగా వస్తుందని మీ సేల్స్ అబ్బాయి నమ్మబలికాడు. పెట్టాక కూడా హమ్ ఎక్కడికీ పోలేదు. పైగా కింద బోరు మోటారు వేసినప్పుడల్లా పెట్టెలో రిలే (దానంతటదే మారే స్విచ్చు) టక్కుమంటుంది, సరిగ్గా ఆలాపన మధ్యలో.

ఫిర్యాదు చేస్తే టెక్నీషియన్‌ని పంపారు. అతను పది నిమిషాలు ఏదో చేసి "అయిపోయింది సార్" అన్నాడు. నిజంగానే హమ్ ఆగింది, సంతకం పెట్టి పంపేశాను. మర్నాడు ఆంప్లిఫయర్ మీద దుమ్ము తుడుస్తుంటే చెయ్యి జివ్వుమంది. టెస్టర్ పెడితే వెలిగింది. ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇచ్చే కండిషనర్ ప్లగ్గు విప్పి చూద్దును కదా, పైన లావుగా ఉండే పిన్నుకి వైరే లేదు! ఆకుపచ్చ వైరు కత్తిరించి, టేపు చుట్టి లోపలికి తోసేశాడు.

మా ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఆంప్లిఫయర్ మూతకీ ఎర్త్‌కీ మధ్య 108 వోల్టులు చూపించింది. మీ పెట్టెలోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిగా కరెంటు బాడీలోకి వస్తుందట. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే ముట్టుకున్నవాడి ఒంట్లోకి. రేపు లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలితే జివ్వుమనడంతో ఆగదు. మా మనవడికి నాలుగేళ్లు, ఆ బటన్లంటే వాడికి మహా సరదా.

ఇంతకీ హమ్ కరెంటు వల్ల కాదు. ఎర్త్ మళ్లీ కలిపాక తిరిగి వచ్చిన హమ్, సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు ఊడదీయగానే ఆగిపోయింది. కేబుల్ వాళ్ల ఎర్త్, మా ఇంటి ఎర్త్ కలిసి లూప్ అయ్యాయన్నమాట; ఆ చుట్టులో తిరిగే కరెంటే హమ్‌గా వినిపించేది. బాక్స్ నుంచి ఆంప్లిఫయర్‌కి 450 రూపాయల ఆప్టికల్ వైరు వేశాం. అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి లూప్ తెగింది. ఎర్త్ కలిపే ఉన్నా ఇప్పుడు చప్పుడు లేదు.

కాబట్టి కండిషనర్ వెనక్కి తీసుకుని 15 రోజుల్లో పూర్తి డబ్బు ఇవ్వండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. డబ్బు సంగతి తేలేదాకా ఆగకుండా ఆ టెక్నీషియన్ వెళ్లొచ్చిన ఇళ్లన్నిటికీ ఈరోజే ఫోన్ చేయించి ప్లగ్గులు విప్పి చూడమనండి.

ఇట్లు,
మీ కస్టమర్

జత: బిల్లు కాపీ, సర్వీస్ స్లిప్పు, విప్పిన ప్లగ్గు ఫోటోలు