ఆకాశం చూడటానికి నెలకో సాయంత్రం ఇవ్వండి: మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారాలు. విశాఖ ప్రజలందరికీ ఉచితంగా ఆకాశ దర్శనం చేయించే కార్యక్రమాన్ని నగరపాలక సంస్థ ప్రతి నెలా జరిగే పనిగా చేపట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సొంత టెలిస్కోపులతో బీచ్ రోడ్డు పక్కన నిలబడి, వచ్చేపోయేవారికి చంద్రుణ్ణీ గ్రహాలనూ చూపించే కొద్దిమంది ఔత్సాహికుల్లో నేనొకణ్ణి. మేము అడుగుతున్నది కొత్త భవనమూ కాదు, పెద్ద బడ్జెట్టూ కాదు. ముందుగా ప్రకటించిన ఒక తేదీ, ఒక స్థలం, అక్కడి లైట్ల మీద కొంత అదుపు ఉంటే సరిపోతుంది.

ఈ కోరిక విశాఖకు కొత్తదేమీ కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే డాబా గార్డెన్స్‌లో తన సొంత ఖర్చుతో ఖగోళ పరిశీలనాలయం నెలకొల్పారు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపించారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఆయన ఇక్కడి నుంచే పరిశీలించగా, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. రోజూ వేలమంది నోట నలిగే ఏవీఎన్ కాలేజీ పేరులోని ఏవీఎన్ ఆయనే. ఆ పరిశీలనాలయం ఇప్పుడు లేదు. డాబా గార్డెన్స్‌లో బస్సు కోసం నిలబడేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మీరే ఊహించవచ్చు.

నగరానికొక నక్షత్రశాల కావాలన్న మాట అప్పుడప్పుడు వినబడుతుంటుంది. కడితే సంతోషమే. అయితే గోపురం కింద తెర మీద చూపించేది ఆకాశపు బొమ్మ. దానికి టికెట్టు ఉంటుంది, వేళలు ఉంటాయి, కొన్నేళ్లకు మరమ్మతులూ మొదలవుతాయి. అసలు ఆకాశానికి ఇవేవీ అక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత ఆశ్రమంలో ఇరవై ఏళ్లకు పైగా సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్, ఓడ కిటికీల గాజును అరగదీసి టెలిస్కోపులు తయారుచేసుకుని, ఆశ్రమం విడిచాక 1968లో మిత్రులతో కలిసి వాటిని వీధుల్లోకి తెచ్చి దారినపోయేవారికి డబ్బు అడగకుండా గ్రహాలు చూపించడం మొదలుపెట్టారు. చెక్కపెట్టెలో గొట్టాన్ని కూర్చోబెట్టి చేత్తో తిప్పుకునే ఆయన తరహా టెలిస్కోపులే ఇప్పుడు మా దగ్గరా ఉన్నాయి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల పేరొచ్చిన మన ఆర్కే బీచ్‌లో వాటిని పెట్టుకుంటున్నప్పుడల్లా ఈ చుట్టరికం నాకు గుర్తొస్తుంది.

అక్కడ ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను. అష్టమి చంద్రుణ్ణి చూపిస్తున్నప్పుడు జాలారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కంటిని అద్దానికి ఆనించి, కాసేపయ్యాక తలెత్తి "ఏటి బాబూ, సెందమామ పక్కకెళ్లిపోతన్నాడు" అన్నారు. గొట్టాన్ని ఎవరూ తాకలేదు. భూమి తిరుగుతున్నందువల్ల చంద్రబింబం తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు. ఎక్కువ పెద్దగా చూపించే అద్దంలో ఆ కదలిక కంటికి స్పష్టంగా తెలుస్తుంది. వెనక నిలబడ్డ హైస్కూలు పిల్లలు భూభ్రమణం గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే, కానీ అది జరుగుతుండగా చూడటం వాళ్లకూ అదే మొదటిసారి. ఆ వరుసలో మురీ మిక్చర్ అమ్మే అతను కూడా బండిని తమ్ముడికి అప్పగించి వచ్చి నిలబడ్డాడు. అతని దగ్గర టికెట్టుకు డబ్బు అడిగి ఉంటే వచ్చేవాడు కాడు.

తేదీల విషయంలో నగరపాలక సంస్థ పెద్దగా ఆలోచించనక్కర్లేదు, ప్రతి ఇంట్లో వేలాడే పంచాంగం క్యాలెండరు చాలు. పున్నమినాడు చంద్రుడి మీద ఎండ నిట్టనిలువుగా పడి నీడలు మాయమవుతాయి గనుక అది చూడటానికి అంత మంచి రోజు కాదు. శుద్ధ పంచమికీ ఏకాదశికీ మధ్య వచ్చే శనివారం తీసుకుంటే వెలుగునీడల సరిహద్దులో గుంటల అంచులు తేలి కనిపిస్తాయి. కోపర్నికస్ అనే గుంట వెడల్పు 93 కిలోమీటర్లని, అంటే దాదాపు విశాఖ నుంచి శ్రీకాకుళానికి గీత గీసినంత దూరమని చెబితే, జనం మళ్లీ వరుసలో నిలబడతారు. ఇటువంటి సాయంత్రాలకు చీకటి అంతగా అవసరం లేదు. బీచ్‌లోనే కాదు, గాజువాకలో, మధురవాడలో, ఏ మున్సిపల్ పాఠశాల మైదానంలోనైనా జరపవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల వల్లా, అక్టోబరులో వాయుగుండాల భయం వల్లా విరామం తప్పదు. నవంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా మనకు మంచి కాలం.

నిజంగా చీకటి కావలసినవి ఏడాదికి మూడు నాలుగు అమావాస్య రాత్రులు మాత్రమే. వాటికి భీమిలి దారిలో ఒక తీరభాగాన్ని ఎంచి, రెండు గంటలపాటు అక్కడి వీధిలైట్లు ఆర్పాలని కోరుతున్నాము. మన అక్షాంశం 17.7 డిగ్రీలు కావడంతో ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం దక్షిణాన ఇరవై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఢిల్లీ వారికి పూర్తిగా ఉదయించని త్రిశంకు నక్షత్రమండలం మే నెలలో మనకు మొత్తం కనిపిస్తుంది. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతిని మామూలు కళ్లతో గుర్తుపట్టవచ్చు. పెళ్లి మంటపాల్లో పట్టపగలే అరుంధతిని చూపించేస్తున్న మనకు ఆ నక్షత్రం అసలెక్కడుందో చూసే అవకాశం ఒక్కసారైనా ఉండాలి కదా.

లైట్లు ఆర్పడం అసాధ్యమేమీ కాదు. ఉదయపు నడక కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలనే ఆపిన నగరం ఇది. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఇదే తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపు నడుస్తాయి గనుక రోడ్డు లైట్లు వాటిని సముద్రం నుంచి దారి మళ్లిస్తాయి. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరమంతటా పెట్టిన ఎల్ఈడీ దీపాలు కరెంటు ఆదా చేసిన మాట నిజమే గానీ, వాటి తెల్లటి వెలుతురు కిందికే పడేలా పై రేకులు బిగిస్తే తాబేళ్లకూ మాకూ, ఆ స్తంభాల పక్క ఇళ్లలో నిద్రపోయేవారికీ మేలవుతుంది. చీకట్లో మహిళల భద్రత మాటేమిటని మీ అధికారులు అడుగుతారు, అడగాలి కూడా. నడకదారి పొడవునా నేలబారున మసక ఎరుపు దీపాలు, మహిళా పోలీసులు, వచ్చినవారు వచ్చినట్టే కలిసి వెళ్లే బస్సు ఏర్పాటు ఉంటేనే ఆ రాత్రులు జరపాలి, లేకపోతే మానుకోవాలి.

మిగిలిన ఏర్పాట్లు చిన్నవి. పిల్లలు ఎక్కి చూడటానికి నాలుగు ఎత్తుపీటలు, చక్రాల కుర్చీ నడిచే ఒక బాట, తాగునీరు, మరుగుదొడ్లు కావాలి. ఒక్కో టెలిస్కోపు దగ్గర మనిషికి నిమిషం చొప్పున గంటకు అరవై మంది మాత్రమే చూడగలరు గనుక కనీసం అయిదారు టెలిస్కోపులు ఉండాలి. మావి కొన్ని తెస్తాము. మిగిలినవి మున్సిపల్ హైస్కూళ్లకే కొనిచ్చి, సైన్సు ఉపాధ్యాయులకు వాడకం నేర్పితే నెలంతా పిల్లలకూ ఉపయోగపడతాయి. ఉప్పుగాలికి అద్దాల పూత త్వరగా పాడవుతుంది కాబట్టి వాటిని బీచ్ ఒడ్డు గదుల్లో మాత్రం దాచవద్దు. అన్నిటికన్నా ముఖ్యం అనుమతి. ఒక సాయంత్రం వరుస కట్టిన జనం ముందే, ఎవరిచ్చారు అనుమతి అని అడిగితే చూపించడానికి కాగితం లేక సామాను సర్దుకుని వచ్చేశాము. అడిగిన ఉద్యోగిని తప్పుపట్టను; ఇటువంటి దరఖాస్తు ఏ విభాగం తీసుకోవాలో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. ఆ విభాగం ఏదో మీరు తేల్చాలి.

2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. రాత్రి పది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో, కొత్త సంవత్సరం కోసం ఆర్కే బీచ్ కిక్కిరిసి ఉండే వేళకే, చంద్రుడు తూర్పున బాగా ఎత్తులో ఎర్రబడి కనిపిస్తాడు. సంపూర్ణ దశ గంటకు పైగా ఉంటుంది. గ్రహణ నియమాలు పాటించేవారితో మాకు పేచీ లేదు. కానీ చంద్రగ్రహణాన్ని నేరుగా చూస్తే కళ్లకు ఏ హానీ లేదని చెప్పి చూపించేవారు ఆ జనం మధ్య ఉండాలంటే, అప్పటికి ఈ కార్యక్రమం నగరానికి అలవాటై ఉండాలి. అంత గుంపును తొలిసారే సంభాళించడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి రాబోయే మార్గశిర శుద్ధ అష్టమికి దగ్గరగా వచ్చే శనివారాన్ని మొదటి తేదీగా ప్రకటించవలసిందిగా మనవి. టెలిస్కోపులు తేవడం, చూపించడం, వివరించడం మా పని. అనుమతి పత్రం, లైట్ల బాధ్యత చూసే ఉద్యోగి ఫోన్ నంబరు ముందురోజు మాకు అందితే చాలు.

ఇట్లు,
భవదీయుడు,
విశాఖపట్నం ఖగోళ ఔత్సాహికుల్లో ఒకడు