సైనికుల ఫలకం కడగడం: ఆదివారం పొద్దున 7కి

అందరికీ నమస్కారమండీ. డిసెంబర్ 16న విజయ్ దివస్ (1971 యుద్ధ విజయాన్ని గుర్తుచేసుకునే రోజు) లోపు మన లేఅవుట్ పార్కులోని ఫలకం సిద్ధం కావాలి. బాత్రూం యాసిడ్ ఎవరూ తేవద్దు, కింది పాలరాతి అంచును తినేస్తుంది. వైరు బ్రష్షూ వద్దు. ఇనుప రజను రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి. గిన్నెల సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్ చాలు. బోరు నీళ్లు అలాగే ఆరిపోవడం వల్లే ఆ తెల్ల చారలు. చివరి కడుగు కుళాయిలో వచ్చే కావేరి నీళ్లతో, వెంటనే పొడిగుడ్డ.

అక్షరాలకు రంగు సోమవారమే, రాయి బాగా ఆరాక. తడిమీద ఎనామిల్ వేస్తే పొరలుగా లేస్తుంది. సన్న బ్రష్షుతో గాడి నింపి, బయటికొచ్చిన రంగును ఆరకముందే టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. గుడ్డను వేలికి బిగించి చుట్టండి; వదులైతే గాడిలోకి దిగి ఉన్న రంగూ లాగేస్తుంది.

కొత్త పేర్లు పంపేవాళ్లు డిశ్చార్జ్ బుక్కులో (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం) ఉన్న స్పెల్లింగే, ర్యాంకుతో సహా పంపండి. చెక్కాక దిద్దలేం.