ఆ ప్లాస్టిక్ లెన్స్ ఊసు కూడా ఎత్తండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెమెరా లెన్సుల మీద వ్యాసం చదివాను. లక్ష, రెండు లక్షలు పలికే లెన్సుల గురించి చక్కగా రాశారు. నా బ్యాగులో పదిహేను వందలకు కొన్న ప్లాస్టిక్ లెన్స్ ఒకటుంది. అలాంటి వాటి ఊసే లేకపోయేసరికి మనసు చివుక్కుమంది.

నేను వడపళనిలో ఉంటాను. ఇరవై ఏడేళ్లుగా మద్రాసు తెలుగువాళ్ల పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తున్నాను. నా లెన్స్ పేరు హోల్గా. 60 ఎం.ఎం., ఎఫ్ 8 (అంటే వెలుగు జొరబడే కంత చిన్నది), నికాన్ కెమెరాకు తగిలించేది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. తగిలించినా తనకో లెన్స్ ఉందని కెమెరాకే తెలియదు! ఆటోఫోకస్ లేదు. దూరం చూపించడానికి బొమ్మలుంటాయి: ఒక మనిషి, ముగ్గురు, గుంపు, కొండ. పెళ్ళి జంటకు మాత్రం బొమ్మ లేదు. ఒకరికీ ముగ్గురికీ మధ్య ఎక్కడో ఆపి నొక్కుతాను. ఇప్పటిదాకా ఏ జంటా గొడవ చేయలేదు.

ఖరీదైన లెన్స్ మండపంలోని స్విచ్ బోర్డునూ, ఖాళీ కుర్చీలనూ, వెనక ఫోన్ చూసుకుంటున్న మేనమామనూ ఒక్కటీ వదలకుండా పట్టుకొస్తుంది. ఇది పెళ్ళికూతురి ముఖాన్ని నడిమధ్యన పెట్టుకుని మిగతాదంతా మెత్తగా కరిగించేస్తుంది. మూలలు చీకటి పడతాయి. ఇంకో సంగతి. పెద్ద లెన్స్ ఎత్తగానే కర్రల్లా బిగుసుకుపోయే పెదనాన్నలు, బాబాయిలు దీన్ని చూసి "ఏందయ్యా ఈ ఆటబొమ్మ?" అని నవ్వేస్తారు. ఆ నవ్వు పోకముందే నొక్కాలి. నా ఆల్బమ్‌లలో పెద్దవాళ్లు మనసారా నవ్విన ఫోటోల్లో సగం దీనితో తీసినవే. రాత్రి ముహూర్తాలకు ఫ్లాష్ లేనిదే ఇది పనికిరాదు, ఆ మాటా చెప్పాలి.

నా లెన్స్‌కు ఆ పేరు తెచ్చిన హోల్గా కెమెరా 1982లో హాంకాంగ్‌లో పుట్టింది. మామూలు జనం కొనుక్కోగలగాలని చౌకగా చేశారు. సందుల్లోంచి వెలుగు జొరబడి ఫిల్ము మీద చారలు పడేవి. నల్ల టేపు అంటించి వాడేవాళ్లు. అమెరికాలో 2000 ఎన్నికల ప్రచారంలో అధ్యక్ష పదవికి పోటీ చేసిన అల్ గోర్‌ను డేవిడ్ బర్నెట్ అనే ఫోటోగ్రాఫర్ ఈ కెమెరాతోనే తీశారు. ఆ ఫోటోకు బహుమతి కూడా వచ్చింది.

ప్లాస్టిక్ అనగానే మొహం చిట్లించేవాళ్లకు మా అమ్మ సంగతి చెబుతాను. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది శుక్లం ఆపరేషన్ చేయించాం. కంట్లో పెట్టింది ప్లాస్టిక్ జాతి లెన్సే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కప్పుకు వాడిన ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకుందని హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించారు. 1949లో లండన్‌లో అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేసి రోగి కంట్లో అమర్చారు. ఈ ఎండాకాలం మా అమ్మ ఆ లెన్స్‌తో చూసుకుంటూ మిద్దె మీద వడియాలు పెట్టింది. నేను నా లెన్స్‌తో ఆవిడను ఫోటో తీశాను. ఎఫ్ 8కి వెలుగు కావాలి. మద్రాసులో ఎండకు కరువా!

ప్రింటు వేయించి ఇస్తే అమ్మ చాలాసేపు చూసింది. "ఒరే, ఆపరేషన్‌కి ముందు నాకు మిద్దంతా ఇట్టానే కనపడేదిరా" అంది. కాసేపాగి, "మొహం మాత్రం కళగా ఉంది. నీ పెద్ద లెన్స్ అయితే ముడతలన్నీ లెక్కపెడుతుంది. ఇదే పెద్దది చేయించు" అంది. చేయించాను. హాల్లో నాన్న ఫోటో పక్కనే తగిలించాం.

ఇంకో కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ పేజీలో చోటుంటే వేయండి. వేస్తే దయచేసి ఆ నల్లటి మూలలు కత్తిరించకండి.

— ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్, వడపళని, చెన్నై