గ్వార్దా కొండ మీద రాతి కేథడ్రల్

రమణా,

పోర్చుగల్‌లో ఎండ, సముద్రం తప్ప ఇంకేముందని ఎత్తిపొడిచావు కదా, ఆ రెండూ కరువైన ఊరికి వెళ్లొచ్చాను. పేరు గ్వార్దా. స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, ఎస్ట్రెలా పర్వతాల అంచున, 1056 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ దేశపు నగరాలన్నిటిలోకీ ఎత్తైనది ఇదే. రైలు స్టేషన్ ఎక్కడో దిగువన ఉంటుంది, అక్కడి నుంచి పైకి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. చలి మాత్రం స్టేషన్లోనే ఎదురొచ్చి పలకరిస్తుంది.

నేను వెళ్లింది అక్కడి కేథడ్రల్ కోసం, అంటే బిషప్పు ఉండే పెద్ద చర్చి. అంతకు ముందున్నది ఊరి ప్రాకారం బయట ఉండేదట. యుద్ధం వస్తే శత్రువు అందులో తిష్ఠ వేస్తాడని రాజు ఫెర్నాందో పడగొట్టించాడు. దాంతో ఈసారి ప్రాకారం లోపలే, 1390లో మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి సుమారు 150 ఏళ్లు పట్టింది! అంతా బూడిద రంగు గ్రానైటే. ముందువైపు రెండు అష్టభుజి బురుజులు, వాటికి ఎక్కడో ఒక చిన్న కిటికీ. పూజకు కట్టారో, ముట్టడికి కాచుకుని కట్టారో తేల్చుకోవడం కష్టం. దగ్గరికి వెళ్లి చూస్తే రాయి గరుకుగా ఉంది. ఎండ పడినచోట అభ్రకం రేణువులు తళుక్కుమంటున్నాయి, నీడ పట్టున పసుపుపచ్చ మచ్చలుగా నాచులాంటి లైకెన్ పాకింది. ఇంత మొండి రాతి మీద సన్నని నగిషీ ఏం చెక్కుతారులే అనుకుంటూ లోపలికి అడుగుపెట్టాను.

లోపల, పొడవాటి నడిమి హాలును అడ్డ మంటపం కలిసేచోట, అదే గ్రానైటును స్తంభాలుగా తాడు పేనినట్టు మెలితిప్పి నిలబెట్టారు. 16వ శతాబ్దం తొలినాళ్లలో రాజు మనుయేల్ హయాంలో అక్కడ బాగా చెల్లిన పద్ధతి అది. నేను వాటి చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. వచ్చినవాళ్లందరూ మాత్రం నేరుగా బలిపీఠం వైపే నడుస్తున్నారు. దాని వెనక నిలిపిన శిల్పాల గోడ కూడా చూడదగిందే. దాన్ని చెక్కిన జువాన్ ద రువాన్ ఫ్రాన్స్ నుంచి వచ్చి పోర్చుగల్‌లోనే కోయింబ్రా అనే ఊళ్లో స్థిరపడిన శిల్పి. క్రీస్తు జీవితమంతా వందకు పైగా బొమ్మల్లో చూపించాడు. కానీ అది కోయింబ్రా దగ్గర దొరికే మెత్తని సున్నపురాయి, పైన బంగారు పూత. మెత్తని రాయి చెప్పినట్టు వింటుంది. గ్రానైటును వంచడమే గొప్ప అని నా పక్షపాతం, నువ్వెలాగూ ఒప్పుకోవు.

ఇరుకు మెట్లెక్కితే పైకప్పు మీదికి వెళ్లవచ్చు. గోడలు బయటికి ఒరగకుండా ఆపే అర్ధకమానులు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. గాలి మనల్ని నిలబడనివ్వదు. కింద చౌకులో, 1199లో ఈ ఊరికి హక్కుల పత్రం ఇచ్చిన రాజు సాంషో విగ్రహం కనిపిస్తుంది. వాన నీరు జారే రాతి తూముల్లో ఒకటి పిరుదులు బయటపెట్టిన మనిషి బొమ్మ! స్పెయిన్ వైపు తిప్పి కావాలనే పెట్టారని స్థానికులు మురిసిపోతూ చెప్పుకుంటారు. బిషప్పులు చూసీ చూడనట్టు వదిలేశారేమో.

ఇక నీకు కావలసిన విషయం, తిండి. అక్కడి గొర్రెపాల చీజ్‌కు పెద్ద పేరు. పాలను విరగ్గొట్టడానికి ఒక రకం ముళ్లమొక్క పువ్వు వాడతారు, జంతువుల కడుపులోంచి తీసేదేమీ కలపరు. కాబట్టి నీ శాకాహార నియమానికి ఢోకా లేదు. పైపొర కోసి, చెంచాతో తీసుకుని రొట్టెకు రాసుకుంటారు. వాసన కొంచెం ఘాటు, ముందే చెప్తున్నాను. నీ సెలవులు ఎప్పుడో రాయి, టిక్కెట్ల సంగతి నేను చూస్తాను. స్వెట్టరు మాత్రం నీదే తెచ్చుకో, నాది ఇవ్వను.

నీ
శ్రీను