వీపీఎన్ పెట్టుకున్న వాళ్లంతా దొంగలేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లాలో క్రికెట్ బెట్టింగ్ ముఠా దొరికిందనో, పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో ఎవరినో నిలువునా ముంచారనో వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక ముక్క తప్పకుండా ఉంటోంది: నిందితులు వీపీఎన్ (నెట్‌లో మనం ఏ సైటు చూస్తున్నామో మధ్యవాళ్లకు కనపడకుండా చేసే సాఫ్ట్‌వేర్) వాడి పోలీసుల కన్నుగప్పారు అని. అది అబద్ధమని నేను అనను. కానీ ఏడాది పొడుగునా వీపీఎన్ అన్న మాట ఒక్క నేరవార్తల్లోనే కనిపిస్తే చదివేవాళ్లకు ఏమనిపిస్తుంది? మా వీధిలో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి మొన్న నా ల్యాప్‌టాప్ చూసి "అక్కా, నువ్వు గూడా వీపీఎన్ పెట్టుకోనుండావా, అది ఇల్లీగల్ గదా" అన్నాడు. తమాషాకు కాదు, నిజంగానే భయపడి. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లాడికే ఇలా ఉంటే ఇక మిగతా వాళ్ల సంగతి చెప్పేదేముంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

నేను అనంతపురంలో ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి పని చేస్తాను. పొద్దున ల్యాప్‌టాప్ తెరవగానే మొదట చేసే పని వీపీఎన్ ఆన్ చేయడం, అది లేకపోతే ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా తెరుచుకోదు. మన జిల్లా నుంచి ఇలా పని చేసేవాళ్లు నాకు తెలిసిన ఇళ్లలోనే బోలెడు మంది ఉన్నారు. కోవిడ్ రోజుల్లో ఊళ్లకు తిరిగొచ్చిన పిల్లలందరూ డాబా మీద, చింతచెట్టు కింద కూర్చుని చేసిన ఉద్యోగం ఈ వీపీఎన్ ఉండబట్టే కదా. మన దేశంలో దాన్ని వాడటం నేరం కాదు. దాని చాటున మోసం చేస్తే ఆ మోసం నేరం. జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మాత్రం అక్కడి మేజిస్ట్రేట్లు అప్పుడప్పుడు తాత్కాలిక నిషేధాలు పెట్టారు, అనంతపురంలో అటువంటిదేమీ లేదు.

ఇంతకీ అది చేసే పని ఏమిటంటే, మీ ఫోన్ నుంచి బయటకు వెళ్లే సమాచారాన్నంతా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులకు అర్థం కాని రూపంలోకి మార్చి, ముందు తన సర్వర్‌కు చేరవేస్తుంది, అక్కడి నుంచి మీరు అడిగిన సైటుకు పంపుతుంది. మధ్యలో ఉన్న వాళ్లకు, అంటే లాడ్జి వైఫై పెట్టినాయనకు గానీ కేబుల్ నెట్ ఇచ్చినాయనకు గానీ, మీరు వీపీఎన్ వాడుతున్నారన్న సంగతి వరకే తెలుస్తుంది, ఏ సైటు చూశారో తెలియదు. ఇప్పుడు చాలా సైట్లకు హెచ్‌టీటీపీఎస్, అంటే మీకూ సైటుకూ మధ్య సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి, ఉంది కాబట్టి మీ పాస్‌వర్డులు, మీరు చదివే పేజీలు వీపీఎన్ లేకపోయినా చాలావరకు భద్రంగానే వెళ్తాయి, సైటు పేరు మాత్రం బయటపడుతుంది. ఒక్కోసారి ఆ పేరు చాలు. ఒక ఆడపిల్ల రాత్రిపూట ఏ జబ్బు గురించి వెతికిందో, ఏ యూనియన్ పేజీ చూసిందో, విడాకుల లాయరు కోసం ఎక్కడ అడిగిందో సైట్ల పేర్లు వరసగా చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అయితే ప్లేస్టోర్‌లో కనపడిన ఉచిత వీపీఎన్ ఏదో ఒకటి వేసుకోమని చెప్పడం లేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మీ నెట్ కంపెనీకి కనపడకుండా పోయినవన్నీ ఇప్పుడు ఆ వీపీఎన్ కంపెనీ చేతికి వస్తాయి. ఒనావో అని ఒక వీపీఎన్ యాప్ ఉండేది, 2013లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. మీ డేటాకు రక్షణ అని చెప్పి జనాల చేత వేయించి, వాళ్లు ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఆ కంపెనీయే పోగు చేసుకుంది. 2018లో ఆపిల్ నిబంధనలకు విరుద్ధంగా ఉండటంతో ఐఫోన్ స్టోర్ నుంచి తీసేశారు, 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఇదే విషయంలో మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) అనుబంధ కంపెనీలకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఇంకొకటి యూఎఫ్‌ఓ వీపీఎన్. మేము ఏ రికార్డూ ఉంచుకోము అని గొప్పగా ప్రకటించుకున్న ఆ సంస్థ రికార్డులు 2020లో ఏ పాస్‌వర్డూ లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నట్టు బయటపడింది. వాడాలంటే బయటి సంస్థల చేత ఆడిట్ చేయించుకున్న, డబ్బు తీసుకుని నడిచే సర్వీసు వాడాలి. లేకపోతే ఊరుకోవడం మేలు.

మన ప్రభుత్వం కూడా ఇందులో సరిగా ఆలోచించిందని నేను అనుకోను. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు తమ వినియోగదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఐపీ అడ్రసు (నెట్‌లో ఫోన్‌ను, కంప్యూటర్‌ను గుర్తుపట్టే నంబరు), ఆఖరికి ఎందుకు తీసుకున్నారో ఆ కారణం కూడా రాసి 5 ఏళ్లు దాచాలి. ఆఫీసు వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత చెప్పారు, మామూలు జనానికి మాత్రం వర్తిస్తుంది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి తమ సర్వర్లను మన దేశం నుంచి ఎత్తేసుకుని వెళ్లిపోయాయి. ఏ తప్పూ చేయని లక్షల మంది వివరాలు ఒకచోట కుప్ప పోసి పెడితే ఏదో ఒక రోజు ఆ కుప్ప దొంగల చేతిలో పడదని గ్యారెంటీ ఎవరిస్తారు?

ఇక అందరూ అనే మాట: తప్పు చేయనివాడికి దాచుకునేది ఏముంటుంది? మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇదే అంటారు. అరుగు మీద కూర్చుని మాట్లాడే మాటలు వేరు, నట్టింట్లో తలుపు వేసుకుని మాట్లాడే మాటలు వేరు. కూతురి సంబంధం గురించి, అన్నదమ్ముల పంపకాల గురించి అరుగు మీద ఎవరైనా మాట్లాడతారా? అందులో దొంగతనం ఏముంది?

సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చారు. ఆ కేసు వేసినాయన మన పక్క రాష్ట్రం కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన, వేసినప్పటికే ఎనభై దాటిన మనిషి. ఆ తొమ్మిది మందిలో మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు ఉన్నారు, తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారూ ఉన్నారు. మన పిల్లలకు ఈ సంగతి ఏ కాలేజీలో చెబుతున్నారో నాకైతే కనపడలేదు. తీర్పు వచ్చిన నాలుగేళ్లకు, 2021 అక్టోబరులో, హైదరాబాదులో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు దారిన పోయే కుర్రాళ్లను ఆపి వాళ్ల ఫోన్లలో వాట్సాప్ చాట్లు వెతికిన వీడియోలు వచ్చాయి. ఆ కుర్రాళ్లు మారుమాట లేకుండా ఫోన్ తీసి ఇచ్చేశారు. హక్కు ఉందని తెలియకపోతే అది ఉన్నా లేనట్టే కదా.

ఎన్‌క్రిప్షన్ గురించి కూడా ఇదే అపోహ. సప్తగిరి సర్కిల్ దగ్గర పూలమ్మే ఆమె ముందున్న చిన్న పెట్టెలోంచి "ఇరవై రూపాయలు వచ్చాయి" అని వినిపిస్తుందే, ఆ ఇరవై రూపాయలు మీ ఫోన్ నుంచి బ్యాంకుకు క్షేమంగా చేరాయంటే మధ్యలో ఎన్‌క్రిప్షన్ ఉండబట్టే. వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో అన్ని మెసేజ్‌లకూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెచ్చింది, పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఆ కంపెనీకి కూడా చదవడం కుదరదు. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల్లో, ఒక మెసేజ్ మొదట ఎవరు పంపారో అడిగితే చెప్పాలి అన్నారు. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఎన్‌క్రిప్షన్‌ను విడగొట్టమంటే దేశం వదిలి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాళ్ల లాయరు కోర్టులోనే చెప్పాడు. ఆ కంపెనీ మీద నాకు ప్రేమేమీ లేదు, వాట్సాప్ కూడా ఫేస్‌బుక్ వాళ్లదే, ఒనావో కథ పైన చెప్పాను కదా. కానీ ఈ ఒక్క విషయంలో న్యాయం వాళ్ల వైపే ఉందని నా నమ్మకం. ఎవరో ఒకరిని పట్టుకోవాలంటే ప్రతి ఒక్కరి ప్రతి మెసేజ్‌కూ గుర్తు వేసి ఉంచాల్సిందే, వేరే దారి లేదు.

మరి పుకార్ల సంగతేంటి, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని పుకారు పుట్టించి అమాయకుల్ని కొట్టి చంపారు కదా అంటారు. నిజమే, 2018లో అది ఘోరంగా జరిగింది, నాకూ ఆ రోజుల్లో నిద్ర పట్టేది కాదు. అప్పుడు చేసిన పని ఏమిటో గుర్తు చేసుకోండి. మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపారు, 2020లో చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే పరిమితం చేశారు. ఎవరి మెసేజ్ విప్పి చదవకుండానే ఇదంతా జరిగింది. బెట్టింగ్ ముఠాలైనా దొరికేది బ్యాంకు ఖాతాల దగ్గర, అద్దెకిచ్చిన సిమ్‌ల దగ్గర, పట్టుబడినవాడి ఫోన్‌లో. మీ వార్తల్లోనే అది రాసి ఉంటుంది, కాస్త కింది పేరాల్లో.

నెట్ కట్ చేయడం గురించి కూడా ఒక మాట. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పని చేసే పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకు వెళ్లి కూర్చున్నారు. నెట్టే లేనప్పుడు వీపీఎన్ కూడా ఏమీ చేయలేదు. అందుకే కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద వేసిన అనూరాధా భసిన్ కేసులో 2020 జనవరి 10న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు అంత ముఖ్యం: గడువు లేకుండా ఆపడం కుదరదు, ఆపిన ఉత్తర్వును జనానికి తెలిసేలా ప్రకటించాలి అని. ఆ బెంచికి నాయకత్వం వహించింది మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ గారే. అయినా ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే యాక్సెస్ నౌ సంస్థ లెక్కల్లో 2018 నుంచి 2023 దాకా ప్రపంచంలో ఎక్కువసార్లు నెట్ ఆపిన దేశం మనదే, 2024లో కూడా 84 సార్లు.

ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను, ఎందుకంటే ఢిల్లీ కోర్టుల్లో ఏం జరిగినా మన గుట్టు బయటపడుతున్నది ఇక్కడే. ప్రభుత్వ ఆఫీసుల ముందు వరసగా ఉండే జిరాక్స్ షాపుల్లో ఒకసారి నిలబడి చూడండి. రద్దీగా ఉంటుంది. "అన్నా, ఈ నంబర్‌కు వాట్సాప్ పెట్టు" అంటాడు షాపు అబ్బాయి. పల్లె నుంచి వచ్చినాయన ఆధార్ పీడీఎఫ్ పంపిస్తాడు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని షాపు అబ్బాయికి మనకన్నా బాగా తెలుసు. ప్రింట్ వస్తుంది, ఐదో పదో ఇచ్చి ఆయన వెళ్లిపోతాడు. ఆ ఫైలు మాత్రం కంప్యూటర్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే పట్టాదారు పాస్‌పుస్తకాలు, కుల ధ్రువపత్రాలు, పెన్షన్ కాగితాలు, ఆడపిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలు కిందికి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉంటాయి. కస్టమర్లలో కొందరు తమ సొంత వాట్సాప్‌ను ఆ కంప్యూటర్‌లోనే స్కాన్ చేసి అలాగే వదిలి వెళ్తారు. షాపు అబ్బాయిది చెడ్డ బుద్ధి అని కాదు, పాపం అతనికి తుడిచేసే తీరిక ఉండదు. కానీ ఆ కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చోవచ్చు.

ఏ వీపీఎన్ కూడా దీన్ని ఆపదు. ఆధార్ సైటులోనే మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ వస్తుంది, చాలా పనులకు అది చాలు. వేలిముద్రలు లాక్ చేసుకునే వీలు కూడా అక్కడే ఉంది, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు మన తెలుగు రాష్ట్రాల్లోనే దొరికాయి కాబట్టి ఇది ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు చేసిపెట్టాల్సిన పని. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ (మీ వాట్సాప్ తెరిచి ఉన్న వేరే కంప్యూటర్ల జాబితా) చూసి తెలియనివి తీసేయండి, టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే అదనపు పిన్, పెట్టండి. చాట్ బ్యాకప్‌కు కూడా ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చేసుకోవాలి, అది దానంతటదే ఉండదు. లోన్ యాప్ కాంటాక్ట్స్, గ్యాలరీ అడిగితే ఆ యాప్‌నే తీసేయండి. అప్పు ఐదు వేలే కావచ్చు, ఆ ఫోటోలతో చుట్టాలందరికీ మెసేజ్‌లు పెట్టి ప్రాణాలు తీసుకునేదాకా తెచ్చారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సంపాదకులు గారూ, మీకు ఒక విన్నపం. మీ జిల్లా పేజీలో అడుగున ఆఫీసు ఫోన్ నంబరు వేస్తారు కదా, దాని పక్కన ఒక సిగ్నల్ (వాట్సాప్ లాంటిదే, ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ యాప్) నంబరు కూడా వేయండి. 2016లో అమెరికాలో కోర్టు నోటీసు ఇచ్చి ఒక ఖాతా వివరాలు అడిగితే సిగ్నల్ వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఉన్నవి రెండే: ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. ఉపాధి పనుల మస్టర్‌లో దొంగ పేర్ల గురించి, ఇసుక గురించి, హాస్టల్ భోజనం గురించి మీకు చెప్పాలనుకునేవాళ్లు మన మండలాల్లో ఉన్నారు. వాళ్లు ఇప్పుడు మీ ఆఫీసుకు మామూలు ఫోన్ చేయాలంటే వెనకాడుతున్నారు. నంబరు వేసిన రోజు అది ఎలా వాడాలో కూడా పక్కనే నాలుగు లైన్లలో తెలుగులో రాయండి, కావాలంటే ఆ నాలుగు లైన్లు నేను రాసిస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
సాయినగర్, అనంతపురం