ఉయేదా బేకరీ సంగతి

ఒరేయ్ మూర్తీ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి గుంటూరు ట్రాన్స్‌ఫర్ అయింది, నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నారు. మిగతావి తర్వాత. ముందు ఇది విను, కడుపులో దాచుకోలేకపోతున్నాను.

చోబిట్స్ మొత్తం చూసేశాను. అదేరా, హాస్టల్లో మొదటి ఎపిసోడ్ సగంలో లేచిపోయి 'ఫ్రిజ్‌తో ప్రేమకథ' అని పేరు పెట్టావే, అది. 2002లో జపాన్ టీవీలో వచ్చిన యానిమే, అంటే బొమ్మల సిరీస్, మొత్తం 26 ఎపిసోడ్లు. నువ్వు ఆ పేరు వెనక్కి తీసుకోవాలి. ఎనిమిదో నంబరు గది చట్టం ప్రకారం పూర్తిగా చూసినవాడి మాటే చెల్లుతుంది, గుర్తుందిగా.

కథ నీకు మళ్లీ చెప్పాలి. హిదెకి అనే కుర్రాడు హొక్కైడో నుంచి టోక్యో వస్తాడు. యూనివర్సిటీ ఎంట్రన్స్ పోయింది, కోచింగ్‌లో చేరతాడు. మన లాంగ్‌టర్మ్ వాళ్ల బతుకే. చేతిలో డబ్బుల్లేవు, చదువుకుంటూనే హోటల్లో పని. ఆ ఊళ్లో ఎక్కడ చూసినా పర్సోకామ్‌లు. అంటే అచ్చం మనుషుల్లా నడిచే, మాట్లాడే కంప్యూటర్లు, చెవులు మాత్రం వేరుగా ఉంటాయి. వీడికి కొనే స్తోమత లేదు. ఒక రాత్రి చెత్తకుప్పలో పారేసిన అమ్మాయి బొమ్మలాంటి పర్సోకామ్ దొరుకుతుంది. ఆన్ చేస్తే 'చి' అన్న మాట తప్ప ఏదీ రాదు, అందుకని పేరు కూడా చి. ఆన్ చేసే బటన్ ఎక్కడ పెట్టారో చూసే కదా నువ్వు లేచిపోయావు. ఆ సీన్ నాకూ నచ్చలేదు. అలాంటివి తర్వాత కూడా ఉన్నాయి, అవి లేకపోయినా కథకి ఏ లోటూ రాదు. అక్కడ నీతో గొడవ లేదు.

కానీ నువ్వు ఉయేదా దాకా రాలేదురా!

చి పనికి చేరే బేకరీ ఓనరు ఈయన. మెత్తటి మనిషి. ఆయన కథ ముక్కలుముక్కలుగా బయటపడుతుంది. ఆయన ఒకప్పుడు ఒక పర్సోకామ్‌ని పెళ్లి చేసుకున్నాడు. పేరు యుమి. లోకం ఏమనుకుంటుందో తెలిసే చేసుకున్నాడు. కొన్నాళ్లు హాయిగా గడిచింది. తర్వాత యుమికి మతిమరుపు మొదలైంది. ఒంట్లో జబ్బు కాదు, యంత్రంలో లోపం. ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి, అలా ఇద్దరూ కలిసి గడిపిన రోజులు ఆమెలోంచి పోతూ వచ్చాయి. ఆయనకి అన్నీ గుర్తున్నాయి. చివరికి ఒకరోజు రోడ్డు మీద బండి దూసుకొస్తుంటే ఆయన్ని కాపాడబోయి ఆమె దాని కింద పడింది.

ఇక్కడ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మరిచిపోతున్న మనిషి, ఆ క్షణంలో ఎవరిని కాపాడాలో ఎలా... సరే, ఇది రాస్తే తెగదు. నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నాకు ఇంకా నచ్చింది ఏంటంటే, కథ అక్కడితో ఆయన్ని వదిలెయ్యదు. హిదెకితో పాటు హోటల్లో పనిచేసే ఒక అమ్మాయి ఉంది. మనిషే. ఆమె పేరూ యుమియే! ఉయేదా అంటే ఇష్టం. ఆయన ముందటి భార్య సంగతి, ఆ పేరు సంగతి తెలియగానే పారిపోతుంది. యంత్రం ఏ తప్పూ చెయ్యదు, విసుక్కోదు, నేను దాని ముందు నిలబడగలనా అని ఆ పిల్ల భయం. పైగా అదే పేరు, తనని పిలుస్తున్నాడో, పోయినామెని తలుచుకుంటున్నాడో ఎలా తెలుస్తుంది? ఆ భయం నాకు ఎంత నిజం అనిపించిందో. మన శ్రీదేవక్క పెళ్లి తర్వాత అన్న మాట గుర్తుందా? ఆ గొంతే వినిపించింది. ఉయేదా చివరికి ఈ యుమిని ఈ యుమిగానే ఇష్టపడుతున్నానని చెబుతాడు. ఆమె పోయిందని చెరిపెయ్యడు, ఈమెని ఆమె చోట కూర్చోబెట్టడు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో ఇల్లు పెట్టి చూడు. హిదెకి కోచింగ్‌లో షిమిజు అని టీచరు. మనిషి, మనిషినే పెళ్లి చేసుకుంది. ఇంటికి పర్సోకామ్ వచ్చింది. మొగుడు దానితోనే మాటలు, దానితోనే కాలక్షేపం. ఒక రాత్రి ఆమె ఇంకా ఇంటికి రాలేదన్న సంగతే మరిచిపోయి లోపల గడియ పెట్టేసుకున్నాడు! తిట్టలేదు, కొట్టలేదు. ఆమె ఉందన్న ధ్యాసే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది మూర్తీ. ఒక ఇంట్లో యంత్రానికి మతి పోతే మనిషి అన్నీ గుర్తుపెట్టుకున్నాడు, ఇంకో ఇంట్లో మతి బాగున్నవాడే పెళ్లాన్ని మరిచిపోయాడు. యంత్రం ప్రేమించగలదా అని నువ్వూ నేనూ టెర్రస్ మీద వాదించుకున్నాం చూడు, ఈ సిరీస్ నన్ను అక్కణ్ణించి లాగేసింది. గుర్తుపెట్టుకోవడం ఎవరి పని అన్నదే నన్ను పట్టుకుంది.

షిమిజు చివరికి షింబోతో వెళ్లిపోతుంది, హిదెకి పక్కింటి కుర్రాడు, ఆమె దగ్గరే చదువుకుంటున్నాడు. అది సరైనదా కాదా అంటే నాకు ఇంకా తేలలేదు.

ఈ కథ రాసి గీసింది క్లాంప్ అనే బృందం, నలుగురూ ఆడవాళ్లే. ముందు మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా, 2000లో కొడాన్షా వాళ్ల యంగ్ మ్యాగజీన్‌లో మొదలైంది, అది కుర్రాళ్లు చదివే వారపత్రిక. మొత్తం 8 సంపుటాలు. కుర్రాళ్లు చిని చూడ్డానికి పేజీ తిప్పితే, వాళ్ల ముందు గడియ వేసిన తలుపు బయట షిమిజుని నిలబెట్టారు. అందుకే ఆ ఇద్దరు ఆడవాళ్ల బాధ అంత సూటిగా తగిలిందని నాకు గట్టి నమ్మకం. టీవీకి తీసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో, దర్శకుడు మోరియో అసాకా. చి గొంతు రియే తనాకా. మొదట్లో ఆ ఒక్క 'చి' అన్న మాటనే ఆవిడ అడగడానికి ఒకలా, సంతోషానికి ఒకలా, భయానికి ఒకలా పలుకుతుంది, విని తీరాలి. డబ్బింగ్ వద్దు, జపనీస్‌లోనే చూడు.

ఇంకా మినోరు గురించి చెప్పనేలేదు! పన్నెండేళ్ల పిల్లాడు, కంప్యూటర్లలో దిట్ట, చనిపోయిన అక్క పోలికతో యుజుకి అనే పర్సోకామ్‌ని తయారుచేసుకున్నాడు. అక్క మాటతీరు, అలవాట్లు అన్నీ దానిలో ఎక్కించాడు. తర్వాత వాడికి ఏం అర్థమవుతుందంటే... అబ్బ, కింద ప్రసాద్ హారన్ కొడుతున్నాడు, స్టేషన్‌కి వెళ్లాలి, వాళ్ల మావయ్య రైలు. పోస్టు డబ్బా దారిలోనే ఉంది, ఇప్పుడు వెయ్యకపోతే మళ్లీ వారం పడుతుంది. సిరీస్ పెట్టిన పెన్‌డ్రైవ్ మీ తమ్ముడికి ఇచ్చాను, తీసుకో. ఉయేదా దాకా చూసి వెంటనే రాయి.

నీ
రాంబాబు