ఆవకాయ సీసాతో పాటు

చిట్టీ,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి కాగితం పట్టాను. రేపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బుల్లిమావయ్య హైదరాబాద్ వస్తున్నాడు, ఆవకాయతో పాటు ఇదీ ఇచ్చి పంపుతున్నా. తడి గరిటె పెట్టకు. అల్లుడికి కారం తగ్గించి కలిపింది చిన్న సీసా.

ఇక్కడ వానలు పడుతున్నాయి, ఉక్క మాత్రం పోలేదు. పెరట్లో వేపకొమ్మ విరిగి గోడ మీద పడింది. 2014లో హుద్‌హుద్‌కి చెక్కుచెదరని చెట్టు మొన్నటి చిన్న గాలికి విరిగింది, ఏం చెప్తాం. పెద్దత్త మోకాళ్లు షరా మామూలే. తన నొప్పి మాత్ర నన్నూ వేసుకోమంటుంది. నేను వేసుకునే రక్తం పలచన చేసే మాత్ర మీద అవి వేసుకుంటే కడుపులో రక్తం పోతుందే తల్లీ అని నేను. రోజూ ఇదే కచేరీ.

సింహాచలం అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ సంగతి నీకు మోసింది ఎవరో తెలుసు. నేను పడిపోయానని చెప్పిందట! పడలేదు, కూర్చున్నాను. 32 కిలోమీటర్లూ నడవలేదు కూడా. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక దాకా ఆటోలో వెళ్లి, అక్కణ్ణించి నడిచాను. జోడుగుళ్లపాలెంలో సముద్రం నీళ్లు నెత్తిన చల్లుకున్నాను. దారంతా మజ్జిగ, పులిహోర పంచుతున్నారు. ఒక కుర్రాడు నా కాళ్ల మీద చన్నీళ్లు పోసి "దా మామ్మా" అన్నాడు, మామ్మేటి అని కోపం వచ్చింది గానీ హాయిగా ఉంది. వెంకోజీపాలెం దాటాక గుండెలో సంచిలో పిచ్చుక కొట్టుకున్నట్టయింది. చిల్లరకొట్టు మెట్టు మీద కూర్చుని మీ నాన్న హెచ్ఎంటీ వాచీ చూస్తూ నాడి పట్టాను. పావు నిమిషం లెక్కేసి నాలుగుతో హెచ్చవేస్తే గుండె లయ తప్పిన నాలాంటి వాళ్లకి కుదరదు, దెబ్బ దెబ్బకీ ఎడం మారిపోతుంది. నిమిషమంతా లెక్కపెట్టాలి. 118. మజ్జిగ తాగి అరగంట కూర్చున్నా. 92కి దిగాక ఆటో ఎక్కి ఇంటికొచ్చేశా. అప్పన్నకి అక్కణ్ణించే దణ్ణం పెట్టేశాను.

ఇదీ జరిగింది. దీనికి పద్దెనిమిది రోజుల మౌనమా?

నీ సంగతి చెప్పు. రాత్రి రెండింటిదాకా లాప్‌టాప్ పట్టుకుంటావని అల్లుడన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, బీపీ ఎప్పుడు చూపించుకున్నావు? నేను పదేళ్లు చూపించుకోలేదు, ఈ గుండె లయ తప్పడానికి అదే మూలమై ఉంటుందని డాక్టరుగారన్నారు. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయట. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతం. అందుకే ఆ రక్తం పలచన చేసే మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, దాని పని సగం రోజే కనక. పాత మాత్రయితే తోటకూర తిన్నా మానేసినా లెక్క మారేది, మాటిమాటికీ రక్తపరీక్షలు. ఈ బాధ ఇప్పుడు లేదు. లెక్చరు మొదలెట్టానంటావు, ఆపేస్తున్నా. బీపీ మాత్రం చూపించుకో.

ఇంకోటి. ఎలాగూ తెలుస్తుంది, నేనే చెప్పేస్తా. ఆ రోజు ఉపవాసం అని పొద్దుటి మాత్రలు రెండూ వేసుకోలేదు, దడ తగ్గించేది కూడా. డాక్టరుగారు తిట్టారు. నడిచినందుకు కాదు, నడవమనే అన్నారు. మాత్ర మానినందుకు, నీళ్లు తాగకుండా ఎండలో తిరిగినందుకు. "మంచినీళ్లతో మాత్ర వేసుకుంటే అప్పన్న ఏమీ అనుకోడమ్మా" అన్నారు. మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలట, రెండు కలిపి మాత్రం వేసుకోకూడదట. మాత్రల డబ్బా గడులకి వారాలు రాసి అతికించాను, పూజగదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టాను. ఇల్లు తాళం వేసి నీ దగ్గరికి రమ్మని మాత్రం మళ్లీ అనకు. పొద్దున్నే బీచ్ రోడ్డులో అరగంట నడవకపోతే నాకు తోచదు.

బుల్లిమావయ్యకి టిఫిను పెట్టి పంపు, మొహమాటపడతాడు.

రాత్రి ఎనిమిదయింది, మాత్ర వేసుకున్నాను. ఖాళీ అయిన గడి ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పెట్టాను. అప్పుడే రెండు నీలం టిక్కులు పడ్డాయి.

అమ్మ